తాళానికి అటూ ఇటూ

సమ్మె మొదలైన వారానికి మిల్లు యజమాని లారీల్లో కొత్త కూలీలను దింపాడు. పశువుల్ని తోలినట్టు లోపలికి తోలించి, గేటుకి బయటి నుంచి తాళం వేయించాడు. సమ్మెలో ఉన్నవాళ్ళంతా కళ్ళారా చూశారు.

చూసి మండిపడ్డారు. కానీ ఆ మంట యజమాని మీద కన్నా లోపలికెళ్ళినవాళ్ళ మీదికే మళ్ళింది. మళ్ళించింది ఫిట్టర్. కార్మిక సంఘానికి పెద్ద. అతను చెయ్యెత్తితే చాలు, అంత జనమూ నోరు మూసుకునేది. నీళ్ళ ట్యాంకర్ మిల్లులోకి పోకుండా రోడ్డుకి అడ్డంగా కూర్చోమన్నాడు. కూర్చున్నారు.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చేసరికి లోపలివాళ్ళు గేటు ఊచల్లోంచి చేతులు చాచి నీళ్ళడిగారు. ఒకడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. జనం ఫిట్టర్ వంక చూశారు. మన కూడు లాక్కోడానికొచ్చిన వాళ్ళ మీద జాలేమిటన్నాడతను.

అప్పుడు అతని వదిన లేచింది. అదే మిల్లులో దారం చుట్టే మనిషి. తల్లి పోయాక అతన్ని సాకింది ఆవిడే. బిందె చంకనెత్తుకుని గేటు వైపు నడిచింది. ఇది సంఘం మాట, దాటొద్దంటూ ఫిట్టర్ అడ్డం వెళ్ళాడు.

"సంఘం ఎవర్రా? మాలో ఒక్కరినైనా అడిగావా?" అందావిడ, గొంతు పెంచకుండానే. "తాళం వేసింది వాడు. నీళ్ళాపింది మనం. వాడికీ మనకీ తేడా వాళ్ళకెలా తెలుస్తుంది?"

ఫిట్టర్ జనం వైపు తిరిగాడు. ఒక్కరూ తలెత్తలేదు. యజమాని ముందు నిలబడేటప్పుడు వాళ్ళు అచ్చం అలాగే తల దించుకుంటారు. అది తట్టేసరికి అతనికి చచ్చేంత సిగ్గేసింది. పక్కకి తప్పుకున్నాడు.

ఆవిడ వాళ్ళ దోసిళ్ళలో నీళ్ళు పోస్తూ సమ్మె సంగతంతా చెప్పింది. ఇక్కడ సమ్మె ఉందని తమకెవరూ చెప్పలేదన్నారు వాళ్ళు. కాసేపటికి వాళ్ళు లోపలికెళ్ళి మరలు ఆపేశారు.

ఆ నిశ్శబ్దానికి యజమాని హడలిపోయాడు. పోలీసుల్ని పిలిపించాడు. వాళ్ళు వచ్చీ రాగానే వదినను వ్యాన్‌లోకి ఈడ్చారు. ఫిట్టర్ అటు పరిగెత్తబోయాడు.

"నా వెనక రాకు," అందావిడ వ్యాన్‌లోంచి. "ముందు లోపలున్నవాళ్ళని బయటికి తీసుకురండి."

జనం మళ్ళీ అతని చేతి వంక చూశారు. ఈసారి చెయ్యి లేవలేదు.

"ఏం చేద్దామో మీరు చెప్పండి," అన్నాడు.

"చెప్పేదేముంది, గేటు ఊడబెరుకుదాం," అంది మిల్లు ఊడ్చే ముసలమ్మ. అవునంటే అవునన్నారందరూ.

అంతా గేటు మీదికి ఉరికారు. వీపుల మీద పోలీసుల లాఠీలు పడుతూనే ఉన్నాయి. ఫిట్టర్ గేటుకి భుజం ఆనించాడు. ఊచలకి అటుపక్క, తను నీళ్ళివ్వొద్దన్న మొహాలు. వాటిని చూడలేక కళ్ళు దించుకునే నెట్టాడు. అటు నుంచి వాళ్ళు లాగుతున్నారు.