నిదానం వేసిన తాళం

మా బావకూ నాకూ పోట్లాట జరగాలంటే మధ్యలో మా అక్క ఉండాలి. నేను అరిస్తే ఆయనకు వినపడదు, ఆయన చేతులు ఊపితే నాకు కనపడదు. నా ముక్కుమీది కోపాన్ని అక్క చేతుల్లోకి మార్చి ఆయనకు చూపించాలి, ఆయన విసుగును నోట్లోకి మార్చి నాకు వినిపించాలి. ఈలోపు సగం కోపం దారిలోనే చల్లారిపోతుంది. ఇంతకాలంగా మేం ఒకే బృందంలో నిలబడ్డామంటే కారణం సంగీతం మీద ప్రేమ కాదు, అక్క ఓపిక.

నాది కీబోర్డులూ హార్మోనియంలూ బాగుచేసే దుకాణం. ముందు గదిలో పని, వెనక గదిలో పాట. బావ వడ్రంగి, మా బృందంలో డ్రమ్ములు వాయిస్తాడు. మాలో కంటికీ చెవికీ ఏ లోటూ లేని మనిషి అక్క ఒక్కతే, పాపం ఆవిడకు పాట రాదు. ఆవిడ బావతో చేతుల భాషలో మాట్లాడుతుంటే నేను గాజులు వింటాను. కూరల సంగతైతే అవి మెల్లగా కదులుతాయి. నా మీద చాడీలైతే గలగలలాడతాయి. భాష తెలియకపోయినా వరస తెలిసిపోతుంది.

మా పాటగత్తె నిదానం. పక్క సందులో బట్టలు కుట్టే పిల్ల. పిల్ల అంటే ముప్పై దాటింది, నాకంటే చిన్నది గనక పిల్ల. పాడితే నత్తి రాదు, మాట్లాడితే వస్తుంది. బడిలో, బస్సులో, మందుల షాపులో, ఆమె నోరు తెరిచిన ప్రతిచోటా ఎవరో ఒకరు "నిదానంగా చెప్పమ్మా" అనేవాళ్ళు. విని విని విసిగిపోయి ఆ మాటనే తన పేరుగా పెట్టేసుకుంది.

"ఇంక ఎవరైనా నిదానం అంటే నన్ను ప... పలకరిస్తున్నారనుకుంటా చిన్నక్కా," అంది మొదటిసారి మా దుకాణానికి వచ్చినప్పుడు. ఆ క్షణంలోనే ఆ పిల్ల నాకు నచ్చేసింది.

ఆ ఏడు మా దగ్గర వికలాంగుల ఆత్మగౌరవ సభ పెట్టారు. జాలి ఉపన్యాసాలు ఉండవనీ, మమ్మల్ని దివ్యాంగులని పిలవరనీ నేను ముందే మాట తీసుకున్నాను. నాలో దివ్యమైనది ఏదైనా ఉంటే అది నా కోపమే. సభకు మా బృందం ఒక పాట కట్టాలి. సభకు వచ్చిన ఏ ఒక్కరికీ ఆ పాట అందకుండా పోకూడదు, అదీ మేం పెట్టుకున్న పంతం. నిదానం పాట రాసింది. అక్షరాలు గోడ మీద పెద్దగా పడేలా అక్క ఏర్పాటు చేసింది. నాలాంటివాళ్ళ కోసం నేను కూర్చుని చుక్కల లిపిలో పొడిచాను. గోల పడనివాళ్ళకు పక్కన ఒక గది అడిగాం, తలుపు ఓరగా తీస్తే పాట పలచగా వచ్చేటట్టు.

చెవిటివాళ్ళకు పాటెందుకని ఎవరో అడిగారు. బావ జవాబు చెప్పలేదు, బల్ల చేశాడు. సన్నటి పలకలతో వెడల్పాటి బల్ల, కింద బోలు. ఆ బోలులో స్పీకర్లు పైకి తిప్పి బిగించాడు. చెప్పులు విడిచి దానిమీద నిలబడితే పాట అరికాళ్ళలోంచి ఎక్కి మోకాళ్ళలో మోగుతుంది. నేను కాలితో బల్ల మీద దరువు వేస్తే అది ఆయన పాదాలకు చేరుతుంది, ఆయన డ్రమ్ములు మొదలుపెడతాడు, ఆ వెంటనే నేను అందుకుంటాను. మిగతా బృందాలవాళ్ళు కళ్ళతో చేసుకునే సైగలు మేం కాళ్ళతో చేసుకుంటాం.

పాటకు ముందు నాలుగు మాటలు చెప్పాలన్నారు సభవాళ్ళు.

"నేనే చ... చెప్తాను," అంది నిదానం. ఎందుకో కూడా తనే చెప్పింది, "పాడితే నత్తి పోతుందని అందరూ మెచ్చుకుంటారు. పోయినప్పుడే నేను బా... బాగుంటానన్నట్టు. ఉన్నప్పుడు కూడా నన్నొకసారి వినాలి కదా."

ఆమె అంతకుముందు ఎప్పుడూ మైకులో మాట్లాడలేదు.

నిదానం అన్నయ్యది రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పే ఉద్యోగం. వెన్న రాసినట్టుండే గొంతు. చెల్లెలు మాట మొదలుపెడితే తను పూర్తి చేయడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. సంగతి తెలిసిన మర్నాడే ఆ నాలుగు మాటలూ తన గొంతుతో రికార్డు చేసుకుని వచ్చాడు.

"జనం నవ్వితే నేను తట్టుకోలేనక్కా," అన్నాడు నాతో. "దాని కోసమే."

విన్నాను. చక్కగానే ఉంది. మా పాట ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఒక్కటే తక్కువ. మనిషి మంచివాడు, అదే వచ్చిన చిక్కు. మంచివాళ్ళ మీద కోప్పడితే ఆ కోపం తిరిగి మనకే తగులుతుంది. నిదానం ఆ రికార్డు వద్దనలేదు. రిహార్సల్లో ఒకసారి చెప్పి చూస్తానంది, కుదరకపోతే అన్నయ్య గొంతే పెట్టేద్దామంది.

రిహార్సల్ రోజు బల్లను వెనక గది నిండా పరిచాం. నిదానం మైకు పట్టుకుంది. నేను కీబోర్డు ముందు, బావ డ్రమ్ముల ముందు, ఇద్దరం ఉత్త కాళ్ళతో.

"ఈ..." అంది. "పాట" దగ్గర ఇరుక్కుంది. "ఈ ప... ప ప... ప..."

పెదవులు విడిపడ్డ ప్రతిసారీ గాలి మైకును కొట్టింది, బల్ల కింద స్పీకర్లు దబ్బుమన్నాయి. ఒక దబ్బు. కాసేపు ఏమీ లేదు. వెంట వెంటనే రెండు. మళ్ళీ ఒకటి. నాలుక కాదు కదా, వేలు కూడా కదపకూడదు అనుకున్నాను.

అంతలో బావ డ్రమ్ములు అందుకున్నాడు. అదే వరస, అవే ఖాళీలు. ఆ వెంటనే నా వేళ్ళు నన్నడక్కుండానే కీబోర్డు మెట్ల మీదికి పోయాయి. ఆయనకైతే చెవుల సాకుంది, నాకేముంది. ఆ తాళం అంత బాగుంది, నిజం చెప్పాలంటే అంతే.

మైకు బల్ల మీద పడ్డ చప్పుడైంది.

"బడిలో కూడా ఇలాగే చ... చప్పట్లు కొట్టేవాళ్ళు," అంది నిదానం. "అన్నయ్య రికార్డే పెట్టేయండి చిన్నక్కా." వీధి తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. నా ఒళ్ళు మండిపోయింది, నా మీద సగం, బావ మీద సగం.

"ఆ పిల్లను వెక్కిరించడానికి మనసెలా ఒప్పిందో అడుగు ఆయన్ని," అన్నాను అక్కతో.

గాజులు కదల్లేదు.

"అడగవేం?"

"ఆయనకు తెలీదే," అంది అక్క.

"ఏం తెలీదు?"

"నిదానానికి నత్తి అని." అక్క నా పక్కన వచ్చి కూర్చుంది. "నేనెప్పుడూ చూపించలేదు. ఆ పిల్ల మాట పూర్తయ్యేదాకా ఆగి, అంతా కలిపి ఒకేసారి చెప్పేదాన్ని. పాపం కదా అనిపించేది."

నాకు మతి పోయింది. ఆ పిల్ల ఆగి ఆగి మాట్లాడుతున్నంతసేపూ గాజులు మౌనంగా ఉండి, చివర్లో ఒక్కసారి గలగలమనడం నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నాను గానీ ఆలోచించలేదు. బావకు పెదవులు చదవడం రాదు, నేర్చుకోనని మొండికేశాడు. ఆమె పేరు కూడా ఆయనకు నిదానం కాదు, సూదిలో దారం ఎక్కించే సైగ. అలా బావ లోకంలో మా నిదానం గడగడా మాట్లాడే మనిషి, మాటలు అందించడంలో అక్కే కాస్త మందం. నేను వేసే దరువు లాంటిదే ఆ దబ్బుదబ్బు కూడా అనుకుని ఆయన మొదలుపెట్టాడు, అంతే.

"చెప్పు ఆయనకు, ఇప్పుడే," అన్నాను.

చెప్పింది. తర్వాత బావ బల్లను అరిచేత్తో ఒక్కటి చరిచాడు, నా కాళ్ళు అదిరాయి. ఆపైన గాజుల గోల చాలాసేపు సాగింది. మొగుడూ పెళ్ళాల పోట్లాటలో నాకు మధ్యవర్తి లేకపోవడం అదే మొదటిసారి.

"ఏమంటున్నారు?" అన్నాను ఆగలేక.

"ఒక మనిషి మాటను నువ్వెలా కత్తిరిస్తావు అంటున్నారు." అక్క ముక్కు ఎగబీల్చింది. "నీ మాటల్లో కూడా ఇన్నాళ్ళూ ఏమేం కత్తిరించానో చెప్పమంటున్నారు."

"నావి మాత్రం చెప్పకు," అన్నాను వెంటనే.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం నిదానం దుకాణానికి వెళ్ళాం. బావ భుజం పట్టుకుని నేను, వెనక తప్పు చేసిన పిల్లలా మా అక్క. కుట్టుమిషన్ ఆగింది. కూర్చోమని ఎవరూ అనలేదు. గాజులు మోగాయి, అక్క ఆయన మాటను గట్టిగా పైకి అంది.

"నిన్నటి తాళం ఎవరు కట్టారు అని అడుగుతున్నారమ్మా."

మిషన్ చక్రం ఒక్క చుట్టు తిరిగి ఆగింది.

"నీకు నత్తి ఉందని ఆయనకు నిన్నటిదాకా తెలీదు," అంది అక్క. "నేనే దాచాను. నీ మీద జాలిపడి. నువ్వు కావాలనే కొత్త తాళం కట్టావనుకున్నారు. రాత్రంతా తొడ మీద అదే వాయించుకున్నారు, నన్ను నిద్రపోనివ్వలేదు."

బావ ముందుకు వంగి కుట్టుమిషన్ బల్ల మీద వేళ్ళతో వాయించాడు. ఒకటి. ఖాళీ. రెండు కలిపి. ఇంకొకటి. మళ్ళీ మొదటి నుంచి. మిషన్ కింద డబ్బాలో బొత్తాలు కూడా అదే వరసలో కదిలాయి. నిదానం ఏమంటుందోనని చెవులు అటే పెట్టాను. ఆ పిల్ల లేకపోతే మాకు పాట లేదు, అది తర్వాతి సంగతి. ఆ పిల్ల బాధతో వెళ్ళిపోతే నాకు మనశ్శాంతి ఉండదు.

"తప్పు," అంది నిదానం.

అక్క గాజులు ఒక్కసారి గల్లుమన్నాయి.

"మొదటి ప తర్వాత నేను అం... అంతసేపు ఆగలేదు." ఆమె వేలు బల్ల మీద రెండుసార్లు టక్కుమంది. "ఇంతే ఆగాను."

ఆ మాటను అక్క ఉన్నది ఉన్నట్టు చేతుల్లో పెట్టింది. బావ వినయంగా ఖాళీని సరిచేసుకుని మళ్ళీ వాయించాడు. నిదానం నవ్వడం విని నాకు ప్రాణం లేచివచ్చింది. మైకులో ఆమె నత్తి ఏ తాళం వేస్తే దాని వెంట మేం వాయించుకుంటూ వెళ్ళాలని అక్కడే అనుకున్నాం. అయినా భయం పూర్తిగా పోలేదు. ఫోన్లో రికార్డు సిద్ధంగా పెట్టుకోమనీ, తను చెయ్యి ఎత్తితే మొదలుపెట్టమనీ అన్నయ్యకు చెప్పింది.

సభ రోజు హాలు నిండింది. చక్రాల కుర్చీలు సర్దుకుంటున్న చప్పుడు, చేతికర్రల చప్పుడు, చెప్పులు విడిచే చప్పుడు. బల్ల ఒక చివర మేం, మా ఎదుట ఉత్త కాళ్ళతో చెవిటివాళ్ళు కొందరు సర్దుకున్నాక నిదానం మైకు అందుకుంది. అన్నయ్య ముందు వరసలోనే ఉన్నాడు.

"ఈ పాట మాది," అంది.

ఎక్కడా తగలకుండా, నీళ్ళు పోసినట్టు వచ్చేసింది.

"మీలో ఏ ఒక్కరికీ అందకుండా పోకూడదని కట్టాం." అదీ అంతే. ఆపైన రెండు మాటలూ అలాగే వచ్చేశాయి, నాలుగు మాటలూ అయిపోయాయి. బావ పాదాలు బల్ల మీద కదలకుండా ఎదురుచూస్తున్నాయి. నత్తి పిలిస్తే వచ్చే పనిమనిషి కాదు గదా. లేనిదాన్ని తెచ్చిపెట్టుకుని నటించే రకం కాదు ఆ పిల్ల. చెయ్యి ఎత్తేస్తుందేమోనని భయపడ్డాను.

నిదానం మైకులోనే నవ్వేసింది.

"మా డ్రమ్ములాయన నా నత్తి కోసం కూర్చున్నారు," అంది. "అది ఇవాళే అలిగినట్టుంది. కాసేపు చూద్దాం."

హాలు నవ్వింది, అక్క గాజులు పరుగెత్తాయి, ఆ వెనక బావ పెద్దగా నవ్వాడు. ఎప్పుడు వచ్చిపడుతుందోనని భయపడుతూ బతికిన మనిషి, అది రావాలని ఎదురుచూడడం అదే మొదటిసారి. మాట్లాడుతూనే పోయింది. బడి గురించి, బస్సు గురించి, తన పేరు ఎలా వచ్చిందో, బల్ల ఎవరు చేశారో. ఆ పిల్ల ఒక్కసారే అంతసేపు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఎంత మాటకారో అప్పుడు తెలిసింది.

"ఇంకా చెప్పులు వేసుకున్నవాళ్ళుంటే విడిచేసి, బ..."

వచ్చింది.

"బ... బ బ... బ..."

స్పీకర్లు దబ్బుమన్నాయి. ముందు వరసలోంచి అన్నయ్య గొంతు పాత అలవాటు కొద్దీ "బల్..." అని మొదలై, అక్కడే ఆగిపోయింది. పెదవులు బిగించుకున్నాడేమో, ఆ తర్వాత ఊపిరి కూడా వినపడలేదు.

నేను గాజుల కోసం చెవులు రిక్కించాను. అక్క ఆగలేదు, కలిపి చెప్పలేదు. గల్. ఖాళీ. గల్ గల్. గల్. నిదానం ఇరుక్కున్న చోటల్లా అక్క చేతులు ఇరుక్కున్నాయి. ఎదుట ఉన్న చెవిటివాళ్ళ కళ్ళకూ, పాదాలకూ ఒకే మాట ఒకేసారి చేరుతోంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. బావ డ్రమ్ములు మెత్తగా వెంట కలిశాయి, నా వేళ్ళు కలిశాయి. ఈసారి అవి నన్నడిగే కలిశాయి.

హాల్లో ఎవరూ నిదానంగా చెప్పమనలేదు.

"బల్ల మీదికి రండి," అని పూర్తి చేసింది నిదానం, తన తీరిక చూసుకుని.

వచ్చారు. ఒక్కొక్కరే ఎక్కుతుంటే బల్ల బరువెక్కడం నా కాళ్ళకు తెలిసింది.