ఆల్బీనా చెవులు

లుడ్ జాలర్ చెవుల్ని ఇనుప కార్ఖానా తినేసింది. క్లీవ్‌లాండ్‌లో, కాలిన ఇనుమును ఆవిరి సుత్తుల కింద పెట్టి సాగగొట్టే చోట పడుచుతనమంతా ధారపోసినవాడికి పెన్షన్‌తో పాటు చెవుడు కూడా దక్కింది. ఎదురుగా నిలబడి గట్టిగా అరిస్తే కొంత అందేది. మిగతాది పెదవుల్ని బట్టి పట్టుకునేవాడు. వినికిడి మిషను పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప మరేమీ తెలియడం లేదని దాన్ని సొరుగులో పడేశాడు.

అలాంటివాడికి పాత స్టీరియో పెట్టెలు బాగుచేసే పిచ్చి పట్టింది. సోఫా అంత పొడుగున, చెక్క తలుపులతో, కడుపులో రికార్డు ప్లేయరునూ వాల్వు రేడియోనూ దాచుకుని ఒకప్పుడు ముందుగదుల్లో దర్జాగా కూర్చున్న పెట్టెలవి. ముసలివాళ్లు పోయాక పిల్లలు వాటిని రోడ్డు మీదికి ఈడ్చేస్తే, చెత్తబండి వచ్చేలోగా లుడ్ తన వ్యాన్‌లో వేసుకొచ్చేవాడు. నేలమాళిగలో వాటి వెనక చెక్క విప్పి, ఎండిపోయిన కెపాసిటర్లు పీకి కొత్తవాటికి టంకం పెట్టేవాడు. చెక్కకు మెరుగు పట్టేవాడు.

చేతులు అతనివి, చెవులు మాత్రం భార్య ఆల్బీనావి. చర్చి పాటల బృందంలో ముప్పై ఏళ్లు పాడిన మనిషి. అల్లిక పట్టుకుని మెట్ల మీద కూర్చునేది.

"ఎలా ఉంది?"

"ఎడమ పక్కన తేనెటీగలు దూరాయి."

మళ్లీ విప్పేవాడు. "ఇప్పుడో?"

"ఈగలు పోయాయి గానీ పాడేవాడికి జలుబు చేసినట్టుంది."

"జలుబు వాడికో, నీ చెవులకో!"

"నా చెవుల జోలికి రాకు. అవి కూడా లేకపోతే నీ బతుకేంటో చూసుకో, చెవిటి మాలోకం."

అక్టోబరులో ఆల్బీనాకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, అన్నీ ఒక్క పూటలో పోయాయి. వాళ్లకు పిల్లలు లేరు. ఏదైనా ఆశ్రమంలో చేర్పించమని ఆస్పత్రివాళ్లు చెబితే లుడ్ వినలేదు. ముందుగదిలో ఆస్పత్రుల్లో ఉండేలాంటి, పక్కన కటకటాలున్న మంచం వేయించి ఇంటికి తెచ్చుకున్నాడు. పొద్దున్నే ఒక నర్సమ్మ వచ్చి ఒళ్లు తుడిచి వెళ్లేది. ఆ తర్వాత రోజంతా వాళ్లిద్దరే.

మాట రాని మనిషి పక్కన మాట వినపడని మనిషి కూర్చుంటే ఏం తోస్తుంది? ఆమెకు పాటైనా వినిపించాలనుకున్నాడు. మూతపడ్డ డాన్సు హాలు యజమాని ఇంటినుంచి ఇద్దరూ కలిసి తెచ్చుకున్న వాల్‌నట్ చెక్క పెట్టె సగం పనిలో ఆగిపోయి ఉంది. దాన్ని తనే పూర్తిచేశాడు. కరెంటు కొలిచే మీటరు పెట్టి చూసి ఉంటే దాని సూదే సంగతి చెప్పేది. అతనికి ఆ ఆలోచన రాలేదు, ఆ పరీక్ష ఎప్పుడూ ఆల్బీనాదే. అకార్డియన్ మీద వాయించే పోల్కా నాట్యపు పాటల రికార్డు పెట్టి, స్పీకరు ముందున్న గుడ్డ మీద అరచెయ్యి ఆనించాడు. పెట్టె మొత్తం ఏకధాటిగా అదురుతోంది. 'బాస్, ఆ మంద్రస్వరం, ఎంత గట్టిగా పలుకుతోందో!' అని మురిసిపోయాడు.

పక్కింటాయనను సాయం పట్టమని దాన్ని ఆల్బీనా మంచం పక్కకు చేర్చాడు. ఆ వారమే ఆయన ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు.

రికార్డు తిరగడం మొదలుకాగానే ఆల్బీనా కళ్ల వెంట నీళ్లు కారాయి. ఎడమ చేత్తో మంచం కటకటాన్ని కొట్టింది. మళ్లీ కొట్టింది.

"తాళం వేస్తున్నావే!" అన్నాడు లుడ్. అతనికీ కళ్లు చెమర్చాయి. ఇంకాస్త పెంచాడు.

నర్సమ్మ ఉన్నంతసేపు పెట్టె ఆపేసేవాడు. ఆమె గుమ్మం దాటగానే పెట్టేవాడు. చలికాలం కావడంతో కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. క్రిస్మస్ దాటేసరికి ఆల్బీనా తిండి మానేసింది. చెంచా దగ్గరికి తెస్తే మొహం గోడవైపు తిప్పుకునేది. ఇలాంటివాళ్లకు దిగులు మామూలేనని, ఉల్లాసంగా ఉంచమని డాక్టరు చెప్పాడు. లుడ్ మధ్యాహ్నాలు చాలవన్నట్టు సాయంత్రాలు కూడా రికార్డులు వేశాడు.

చలికాలం గడపడానికి ఫ్లోరిడా వెళ్లిన జోసీ మ్లాకర్ ఫిబ్రవరిలో తిరిగొచ్చింది. ఎదురింటి మనిషి, ఆల్బీనాతో పాటు చర్చిలో పాడేది, లుడ్‌తో కలిసి బళ్లో చదువుకుంది. కోడి సూపు గిన్నె పట్టుకుని వస్తూ వాకిట్లోనే ఆగిపోయింది. తర్వాత తలుపు తోసుకుని లోపలికొచ్చి, గిన్నె నేలమీద పెట్టి, సూటిగా వెళ్లి ప్లగ్గు పీకేసింది.

"ఏం చేస్తున్నావే జోసీ? పాట అవుతోంది!"

ఆమె అతని గడ్డం పట్టుకుని మొహాన్ని తనవైపు తిప్పుకుంది. "పాటేంట్రా! అందులో పాటెక్కడ ఏడ్చింది? లారీ ఇంజను ఇంట్లో పెట్టినట్టు ఒకటే రొద. అడుగున ఎక్కడో అకార్డియన్ మూలుగుతోంది."

"అది బాస్."

"బాస్ కాదురా లుడ్. నా పళ్లు జిల్లుమన్నాయి. ఎన్నాళ్లనుంచి పెడుతున్నావు దీన్ని?"

అతను మంచం వైపు చూశాడు. ఆల్బీనా ఎడమ చెయ్యి కటకటం మీదే ఉంది. వేళ్ల కణుపులు కమిలి ఉన్నాయి. ఆ కమిలిన గుర్తులు అతను ముందే చూశాడు. నర్సమ్మ అడిగితే పాటకు తాళం వేస్తుందని గర్వంగా చెప్పాడు కూడా.

"మరి నాకెందుకు చెప్ప..." అని సగంలోనే నోరు మూసుకున్నాడు.

మోకాళ్ల మీద కూలబడి ఆ చేతిని పట్టుకోబోయాడు. ఆమె లాగేసుకుంది.

మర్నాడు జోసీ దగ్గరుండగా వెనక చెక్క విప్పాడు. రొద రాకుండా ఆపాల్సిన పెద్ద కెపాసిటరు కాలు టంకానికి అంటీ అంటనట్టు నిలబడి ఉంది. ఆ టంకం అతను పెట్టిందే. సరిచేశాక జోసీ చెవి ఆనించి విని, "ఇప్పుడు గాజు మీద నీళ్లు పోసినట్టుంది" అంది. కానీ మొదట మీట నొక్కిన చిన్న చప్పుడికే ఆల్బీనా కటకటాన్ని బాదడం మొదలుపెట్టింది. పాట హాయిగా సాగుతోందని జోసీ చెబుతోంది. ఆ చెయ్యి మాత్రం ఆగడంలేదు. లుడ్ పాట ఆపేశాడు. పెట్టెను ఆ పూటే చర్చి హాలుకు ఇచ్చేశాడు. నేలమాళిగకు తాళం వేశాడు.

ఆ తర్వాత ఆల్బీనా జోసీ చేత్తో నాలుగు చెంచాలు తినసాగింది. లుడ్ పెడితే మాత్రం గోడవైపు తిరిగేది. అతను గిన్నె జోసీకిచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేవాడు.

"కోపం కాదురా, భయం," అంది జోసీ ఒకరోజు. "నువ్వు దగ్గరికొస్తే ఆ రొద వస్తుందేమోనని."

"కోపమైతే బాగుండేది," అన్నాడు లుడ్.

మార్చిలో జోసీకి జ్వరమొచ్చి నాలుగు రోజులు రాలేదు. మొదటి రోజు ఆల్బీనా ఏమీ తినలేదు. రెండో రోజు లుడ్ సూపు వెచ్చచేసి మంచం పక్కన కూర్చున్నాడు. బతిమాలలేదు. చెంచా ఆమె పెదవుల దగ్గర పట్టుకుని అలాగే ఉన్నాడు. మోచెయ్యి నొప్పెట్టినప్పుడు రెండో చెయ్యి దన్నుగా పెట్టాడు. ఆమె అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచింది.

అది క్షమించడమో, ఉత్త ఆకలో అతనికి తెలియలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా పెట్టి, మూతి తుడిచాడు. ఈస్టర్ వెళ్లిన వారానికి ఆల్బీనా నిద్రలోనే పోయింది. ఆ రోజునుంచి లుడ్ పెడితే తింది, అతని మొహం మాత్రం మళ్లీ చూడలేదు.