ఏడో సాంచా మీది గూడు

రాజారాం సేట్ కార్ఖానల ఎనిమిది సాంచాలు. కరెంటు మగ్గాలను మా సోలాపూర్‌ల అట్లనే అంటం. నడిపేటోళ్ళు నలుగురు, ఒక్కొక్కనికి రెండు. ఎనభై ఏడు మార్చి ఆఖర్ల సేట్ వచ్చి, ఇగ మీదట ఒక్కొక్కడు నాలుగు నడపాలె అన్నడు. ఉన్నయి ఎనిమిదే. అంటే ఇద్దరుంటరు, ఇద్దరు పోతరు. ఆ ఇద్దరు ఎవరో చెప్పలే. చెప్పకపోవుడే ఆయన తెలివి. నలుగురు ఒకని దిక్కు ఒకడు చూసుకుంట పని చేస్తరు.

ఆ నలుగురిని సంపుకు, అంటే సమ్మెకు, బయటికి తెచ్చింది యూనియన్ నడిపే నేనే. కార్ఖాన ముందర యాపచెట్టు కింద చాప ఏసి కూసోబెట్టిన. సిద్ధరాములు, నలభై అయిదేండ్లోడు, ఏడో సాంచా ఎనిమిదో సాంచా ఆయనయి. మల్లప్ప, సిద్ధరాములు భార్యకు తమ్ముడు. విఠల్, మరాఠీ పిల్లగాడు, పెండ్లయి ఏడాది. రాజయ్య అందరికన్న పెద్ద, కండ్లు మందగించినయి. తీసేస్తే ముందు తననే తీసేస్తరని ఆయనకు తెలుసు. మేముండే దాజీ పేట్ అంతటికీ తెలుసు.

మొదటి వారం బాగనే ఉండె. పగటీలి ఇండ్ల నుంచి డబ్బాలొచ్చేటియి. జొన్నరొట్టె, పల్లీల శేంగా చట్నీ. రొట్టె విరిస్తే తునకలు పడ్తయి గద, పిచ్చుకలు దిగేటియి. సాంచాలు నడిచినన్ని దినాలు ఆ వాకిట్ల పిచ్చుక నిలబడంగ నేను చూడలే. ఆ చప్పుడుకు గోడలే అదురుతయి. బంద్ అయిన మూడో దినమే ఒక జంట కిటికీ మీది పగిలిన అద్దం సందుల నుంచి లోపలికి పోవుడు మొదలువెట్టింది. ఏడో సాంచా మీద డిజైన్ ఎత్తే జకార్డ్ డబ్బా ఉంటది, దాని కింద వందల తాళ్ళు ఏలాడ్తయి. ఆ డబ్బాకు, తాళ్ళకు నడుమ గూడు కట్టుకుంటున్నయి.

నేత మనిషి చెయ్యి ఊకె ఉండదు. కూసున్నచోటనే ఏదో ఒకటి పురి పెడ్తుంటది, ముడి ఏస్తుంటది. కార్ఖాన మూలకు కచరా దారం కుప్ప ఉండె. నూలు కచరా అయితే భంగార్ వాడు తూకానికి తీసుకపోతడు. ఇది పాలిస్టర్. పోయినేడు నుంచి సేట్ టవళ్ళ అంచుకు ఇదే పెడ్తుండు, దీని కచరా ఎవడూ ముట్టడు. సిద్ధరాములు ఆ కుప్పల నుంచి పోగులు గుంజి, జానెడు జానెడు చేసి గోడ మీద పెట్టుడు షురూ చేసిండు.

"ఏంది మామా, పిట్టలకు మాల్ సప్లై చేస్తున్నవా?" అన్నడు విఠల్.

"మా అవ్వ గిట్లనే చేసేదిరా. మగ్గం మీదికెల్లి బట్ట కోసినంక పడుగు కొసలు మిగుల్తయి గద, అవి మోరీల పారెయ్యనియ్యకపోయేది. గోడ మీద పెట్టేది. పిట్టల పాలు అనేది."

ఇగ అందరం మొదలువెట్టినం. నేను గూడ చేసిన, అబద్ధమెందుకు. ఆ దారం చేత్తోని తెంపితే తెగదు, పండ్లతోని కొరకాలె. పుట్టిన కాన్నుంచి దారంతోనే బతికేటోళ్ళం, అప్పుడన్న మాకు సోయి రాలే. నూలు వేరు, ఇది వేరు అని ఒక్కనికి తట్టలే. ఆడపిచ్చుక ఎర్రటి పోగు నోట్ల పట్టుకొని ఎగురుతుంటే, సంపు గెలిచినట్టే నవ్వుకున్నం.

విఠల్ కిటికీ కడ్డీలు ఎక్కి చూసి అరిచిండు. "నాలుగు గుడ్లు అన్నా! చార్!"

మూడో వారానికి డబ్బాలు తగ్గినయి. మల్లప్ప ఇంటికి పోయి తినొస్త అనేటోడు. తినకనే వస్తుండెనని మొఖం చూస్తే తెలిసేది. రొట్టె తునకలు లేవు, పగటీలి పిచ్చుకలు దిగుడు మానేసినయి. కిరాణా దుకాణం ముందర జొన్న బస్తాల కాడికి పోయినయి. స్కూటర్ మీద పోయే సేట్ మా చాప దిక్కు చూడకపోయేటోడు, వాకిలి దిక్కు చూసేటోడు. పిట్టలు లేవంటే రొట్టెలు లేవని ఆయనకు తెలియదా? ఆయన గూడ మగ్గం ఇంట్ల పుట్టినోడే.

గుడ్లు పగిలి పిల్లలైనంక జొన్నలు గూడ వద్దన్నయి. పిల్లలకు గింజ అరగదు, పురుగు కావాలె. పొద్దందాక తల్లి, తండ్రి నాలా పొంటి తుమ్మపొదలకు పోతయి, పచ్చ పురుగు తెస్తయి, మల్ల పోతయి. పది నిమిషాలకొక తాప. రాజయ్య దమ్ము తీస్కుంట అన్నడు, "మనకన్న పెద్ద డ్యూటీ. నాలుగు సాంచాలు నడుపుతున్నట్టే ఉన్నది."

ఒకనాడు సిద్ధరాములు భార్య అనసూయ వచ్చింది. బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు పసుపు పచ్చగున్నయి. ఆ నెల ఇల్లు నడిచింది ఆ వేళ్ళతోనే. నలుగురు మొగోళ్ళు కిటికీ కాడ మెడలు సాపుకొని నిలబడుడు చూసింది.

"ఏం చేస్తుండ్రయ్యా? పిట్టకు బాలింత సేవనా?"

"నాలుగు పిల్లలు అత్తా," అన్నడు విఠల్.

"ఇంట్ల గూడ రెండున్నయి. వాటి నోట్ల పురుగెవడు పెడ్తడు?" అని నా దిక్కు చూసింది. "నీ సంపు ఇంకెన్ని దినాలన్నా?"

"ఇంకొక వారం ఒదినా."

"పోయిన వారం గూడ గదే అన్నవు."

చెట్టు కింద కూలబడ్డది. ఎండ మా కాళ్ళ మీదికి జరిగొచ్చింది, కాళ్ళు తీసుకునే ఓపిక గూడ లేకుండె.

ముప్పయ్యో దినం ఫైసలా అయింది. గెలిచినమని నేను చెప్ప. దీపావళి దాక ఎవ్వలని తీసెయ్యడు, రెండు సాంచాలే. దీపావళి తర్వాత నాలుగు. ఉండే ఇద్దరినీ సేట్ తన ఇష్టప్రకారం పెట్టుకుంటడు. పని చూసి, అన్నడు. అంటే ఆరు నెలలు నలుగురు తల ఎత్తకుండ పని చెయ్యాలె. ఆ కాగితం మీద దస్కత్ పెట్టింది నేనే.

సిద్ధరాములు నన్ను పక్కకు పిలిచిండు. "అన్నా, ఒక్క మాట ఎక్కియ్యి కాగితంల. ఏడో సాంచా నాలుగు దినాలు ఆలస్యంగ నడుపుతం. రెక్కలొచ్చినయి. నాలుగు దినాలైతే ఎగిరిపోతయి."

నాకు ఒంటికి కారం రాసినట్టయింది. "నీకు పిచ్చా? నీ నౌకరీకే ఆరు నెలల కన్న ఎక్కువ తేలేకపోయిన. పిట్టకు నాలుగు దినాలు అడగాల్నా? సేట్ నవ్వుతడు."

"నవ్వనియ్యి. అడుగుతే ఏం పోతది?"

అడగలే.

కార్ఖాన తాళం సోమారం పొద్దుగాల ఏడున్నరకు ఇచ్చిండ్రు. ఎనిమిదికి మోటర్ ఎయ్యాలె. గూడు దించి దారం కండెల గంపల పెట్టి, కిటికీ కాడ ఏలాడగట్టాలని మా ఉపాయం. సిద్ధరాములు నిచ్చెన ఎక్కి గూటి కింద చేతులు పెట్టిండు. లేపిండు. రాలే.

"కట్టేసినట్టున్నది," అన్నడు.

కట్టేసింది మేమే. పాలిస్టర్ పోగులు జకార్డ్ తాళ్ళకు చుట్టుకున్నయి, అవే పోగులు పిల్లల కాళ్ళకు చుట్టుకున్నయి. పిల్లలు పెరిగినయి, పోగు పెరగలే, తెగలే. నూలైతే ఎన్నడో తెగేది. ఒకటి గూటి బయట తలకిందులుగ ఏలాడుతుండె, ఎండిపోయి. ఇంకొకదాని పాదం నల్లగయింది.

విఠల్ మొఖం తిప్పుకున్నడు. "ఆ ఎర్రదారం నేనిచ్చిందే," అన్నడు.

"అందరం ఇచ్చినం. మెల్లగ పట్టు," అన్నడు సిద్ధరాములు.

తెగిన పోగును కండ్లు మూసుకొని అతికే చెయ్యి ఆయనది. ఆ చెయ్యితోనే పోగులు విప్పుకుంటొచ్చిండు. చిన్న కత్తెర మొనతోని, తోలు కొయ్యకుండ. మూడు పిల్లలు, ఆరు కాళ్ళు. నల్ల పాదం దారంతోనే ఊడొచ్చింది. రాజయ్య గడియారం చూసుకుంట నిలబడ్డడు. ఎనిమిదికి అయిదు నిమిషాలున్నదనంగ మూడిటినీ గంపల పెట్టి కిటికీ కాడ కట్టినం.

మోటర్ ఏసిండ్రు.

సాంచాల నడుమ మాట వినబడదు. మేం పెదవులు చూసి అర్థం చేసుకుంటం. పిట్టలకు ఆ విద్య లేదు. తల్లి పురుగు పట్టుకొచ్చింది. సక్కగ ఏడో సాంచా మీదికి పోయింది, పాత జాగకు. తాళ్ళు లేస్తున్నయి, పడ్తున్నయి. అక్కడక్కడనే తిరిగింది, బయటికి పోయింది. మల్ల వచ్చింది. గంపల పిల్లలు నోళ్ళు తెరిచి ఒర్రుతున్నయి, నోళ్ళు కనబడుతున్నయి గని చప్పుడు నాకే వినబడుతలేదు. పదేండ్లు అదే కార్ఖానల పని చేసిన చెవులు నావి, తల్లికి ఏం వినబడ్తది? గంప మూరెడు దూరంల ఉన్నది. ఆమె చూస్తలేదు. పిల్లలు పిలిస్తెనే పోవుడు ఆమెకు తెలుసు.

పది అయింది. పదకొండు. తల్లి పురుగు నోట్ల పెట్టుకొని పైకప్పు ఇనుప కమ్మి మీద కూసున్నది. చివరికి తనే మింగింది. గంపల ఒకటి తల వాల్చింది.

సిద్ధరాములు ఏడో సాంచా ఆపిండు. ఎనిమిదోది ఆపిండు.

మల్లప్ప ఉరికొచ్చి చెవుల నోరు పెట్టి అరిచిండు. "బావా, పిచ్చి లేసిందా? ఇయ్యాల మొదటి దినం! దీపావళికి ఎవన్ని తీసెయ్యాల్నో ఆయన ఇయ్యాలనే రాసుకుంటడు!"

"రాసుకోనియ్యి."

"అక్కకు ఏం చెప్తవు?"

"నువ్వే చెప్పు. ముందు నీయి ఆపు. నా రెండు ఆపితే వినబడుతలేదు."

మల్లప్ప తిట్టిండు. ఇక్కడ రాయరాని తిట్లు, తల్లిని, పిట్టను, నన్ను కలిపి. తిట్టుకుంటనే పోయి తనయి ఆపిండు. విఠల్ ఎవ్వలనీ అడగలే, ఆపిండు. మిగిలింది రాజయ్య. ఆ కొసకు రెండు సాంచాలు టక్కటక్క కొట్టుకుంటనే ఉన్నయి. ఆయన మా దిక్కు చూడలే. నేను దగ్గరికి పోయిన. మొఖం నిండ చెమట, కండ్లల్ల నీళ్ళు. "నాతోని కాదు కొడుకా," అన్నయి పెదవులు. నేను వెనుకకు వచ్చిన.

రెండు సాంచాల చప్పుడు మీదికెల్లి ఇప్పుడు వినబడ్డది. సన్నగ, చీ చీ అని. తల్లి కమ్మి మీద తల తిప్పింది. ఇటు, అటు. బయటికి పోయి, ఎంతసేపటికో పురుగుతోని వచ్చింది. ఈసారి ఏడో సాంచా మీదికి పోలే. గంప అంచు మీద వాలింది.

చప్పుడు మారితే సేట్‌కు నిద్రల గూడ తెలుస్తది. లెక్కలు రాసే గది నుంచి బయటికొచ్చిండు.

"ఏమైంది? కరెంట్ పోయిందా?"

"పోలే సేట్. ఆపినం," అన్నడు సిద్ధరాములు. "పిల్లలు పిలిచేది తల్లికి వినబడుతలేదు."

సేట్ గంపను చూసిండు. కొంచెం సేపు చూసిండు, ఆ మాట ఒప్పుకోవాలె. తర్వాత నా దిక్కు తిరిగిండు. "ఇది గూడ నీ యూనియన్ పనేనా?"

"నాది కాదు," అన్న.

నిజమే చెప్పిన. ఆ నిజం ఇప్పటికీ నన్ను పొడుస్తనే ఉన్నది.

"ముందు ఎవడు ఆపిండు?" అన్నడు సేట్.

"నేనే," అన్నడు సిద్ధరాములు.

"మంచిది. నడుపుండ్రి."

ఎనిమిది సాంచాలు మల్ల కొట్టుకున్నయి. తల్లి ఆ చప్పుడులనే వచ్చింది, సక్కగ గంప మీదికి. జాగ ఒక్కసారి తెలిస్తే చాలు, ఇగ పిలుపుతోని పని లేదు. గురువారం రెండు ఎగిరినయి. పాదం లేంది శనివారం పోయింది. కిటికీ అంచు మీద నిలబడలేక రెండు సార్లు లోపలికి పడ్డది, మూడోసారి బయటికి పడ్డది. ఎగిరిందో పడ్డదో నేను చూడలే. విఠల్ ఎగిరిందనే అంటడు.

దీపావళికి సేట్ ఇద్దరిని తీసేసిండు. రాజయ్యను, కండ్లు కనబడుతలేవని. ఆనాడు సాంచా ఆపనందుకు ఆయనకు దొరికింది ఏం లేదు. సిద్ధరాములును, సాంచా ఆపిండని. నేను పోయి కొట్లాడిన. సేట్ కాగితం తీసి నా దస్కత్ చూపిచ్చిండు.

సిద్ధరాములుకు కుంఠా నాకా కాడ ఒక కార్ఖానల పని దొరికింది. నాలుగు సాంచాలు. సంక్రాంతి దాటినంక చూడపోయిన. బక్కగయిండు, దగ్గుతుండు. నాలుగిటి నడుమ తిరుగుడే తిరుగుడు. పక్కకు నడుచుకుంట చెవుల అరిచిన, "తప్పు చేసిన్నని అనిపిస్తదా?"

ఆయన దారం అతుకుతున్నడు, తల ఎత్తలే. నేను పెదవులు చూసిన.

"నేను ఆపిచ్చింది తొమ్మిది నిమిషాలు. నువ్వు ఆపిచ్చింది ముప్పై దినాలు. నా దాంట్ల పిట్టలు ఎగిరినయి. నీ దాంట్ల ఏం ఎగిరిందన్నా?"

వెక్కిరిచ్చినట్టు గూడ లేదు, ఉత్తగ అడిగినట్టే ఉన్నది. గంతల మూడో సాంచా ఆగింది, కండెల దారం అయిపోయింది. ఆయన అటు పోయిండు.