ఇరవై ఎనిమిదో కాపు

నీళ్ళు మరగక ముందే యేసోబు పొయ్యి మంట తగ్గించి, గిన్నె మీదుగా అరచేయి చాచి ఆవిరి తగలనిచ్చాడు. థర్మామీటరు చొక్కా జేబులోనే ఉంది. అయినా ముందు చేయి, ఆ తర్వాతే థర్మామీటరు. మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు నానబెట్టే తొట్ల దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తున్న చేయి అది. వేళ్ళ చివర చర్మం మందమెక్కింది. గోళ్ళు వడ్ల నీళ్ళకు నాని నాని పసుపుపచ్చగా మారాయి. డెబ్బై రెండు ఉంటుందనుకున్నాడు. థర్మామీటరు డెబ్బై మూడు చూపించింది. ఒక్క డిగ్రీ తేడాకు తనలో తనే నవ్వుకుని, చెంబెడు చన్నీళ్ళు పోశాడు.

ఇంకా తెల్లవారలేదు. నవంబరు చివరి శనివారం. మంచులో దూరంగా మిల్లుల పొగగొట్టాలు మాత్రమే కనిపిస్తున్నాయి. వడ్ల సీజను కావడంతో రోడ్డు పొడుగునా లారీలు నిలిచి ఉన్నాయి. యేసోబు ఇంటి వెనక రేకుల వసారాలో, పెళ్ళిళ్ళలో చల్లనీళ్ళకు వాడే పాత క్యాంపరు ఒకటి పాత దుప్పటి చుట్టుకుని పీట మీద కూర్చుంది. వేడినీళ్ళు అందులో పోసి, గిర్నీలో ముక్కలు చేయించి తెచ్చిన మొలక బార్లీని గుప్పిళ్ళతో చల్లుతూ, చెక్క గరిటెతో కలిపాడు. ఉండలు కట్టకుండా అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకు. మళ్ళీ థర్మామీటరు ముంచాడు. అరవై అయిదు. మూత బిగించి, దుప్పటి సర్ది, పలక మీద సుద్దతో టైము రాసుకున్నాడు. గంటసేపు దాన్ని ముట్టుకోకూడదు.

నాలుగేళ్ళ కిందట యేసోబుకు ఇదేమీ తెలియదు. ఆ ఏడు వడగళ్ళ వానకు తడిసి మొలకెత్తిన వడ్లు మిల్లుకు వచ్చాయి. ఓనరు తిట్టి వాటిని వాపసు పంపించాడు. యేసోబు ఆ బస్తాలు మోయించి వచ్చి, టీ తాగుతూ ఫోను చూస్తుంటే, ఎవరో తెల్లగడ్డం ఆయన గింజలను కావాలనే నానబెట్టి, కావాలనే మొలకెత్తించి, ఆరబెట్టి, వాటితో బీరు చేస్తున్నాడు. ఆయన మాట్లాడింది యేసోబుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గింజ మాత్రం అర్థమైంది. మొలక అంటే నష్టం అనే అంతకాలం అనుకున్నాడు. మొలిచినప్పుడే గింజలోని పిండి తీపిగా మారడానికి సిద్ధమవుతుందని యాభై రెండేళ్ళ వయసులో, చేతిలో టీ గ్లాసుతో తెలుసుకున్నాడు.

మరుసటి రోజే కిరాణా కొట్టులో బార్లీ కొని నానబెట్టాడు. నాలుగు రోజులకు కుళ్ళిపోయింది గానీ ఒక్క మొలక రాలేదు. పొట్టు తీసిన గింజ మొలవదని మిల్లులో పనిచేసే తనకే తట్టలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బియ్యం లోడుకు వచ్చే ఒక రాజస్థాన్ డ్రైవరును బతిమిలాడితే, రెండు నెలలకు పొట్టుతో ఉన్న బార్లీ బస్తా తెచ్చి ఇచ్చాడు. దాన్ని డాబా మీద గోనెల మధ్య మొలకెత్తించి, ఎండలో ఆరబెట్టి, మొలకల వేళ్ళు రాలిపోయేదాకా నలిపి, చేటతో చెరిగాడు. మెత్తగా ఆడించాడు. అది క్యాంపరులో జిగురై, నీరు చుక్కలు చుక్కలుగా తప్ప దిగలేదు. రవ్వకన్నా లావుగా, పొట్టు పొట్టుగానే ఉండేలా ఆడించాలని రెండో కాపుకు, అంటే రెండోసారి కాచినప్పుడు, తెలిసింది. చేదు కోసం మొదట్లో వేపపువ్వు వేశాడు. ఇప్పుడు బెంగళూరు నుంచి కొరియర్లో చిన్న పొట్లాల్లో వచ్చే హాప్స్ అనే ఎండు పువ్వు వేస్తున్నాడు. నల్లానీళ్ళలో కలిపే క్లోరిన్ మందు వాసన బీరులోకి వస్తోందని ఆరో కాపులో పట్టుకుని, రాత్రే నీళ్ళు పట్టి మూత తీసి ఉంచడం నేర్చుకున్నాడు. ఇవన్నీ పాత మిల్లు రిజిస్టరులో వెనక పేజీల్లో రాసుకున్నాడు. మూడు చేతులు మారిన మిల్లు ఓనర్లలో ఒక్కరూ ఏనాడూ, యేసోబూ, నువ్వేమంటవు అని అడగలేదు. ఇక్కడ అడిగేదీ చెప్పేదీ తనే.

పులుపు ఒక్కటే అంతుపట్టలేదు. ఏ కాపైనా డ్రమ్ములో బీరుగా మారే పద్నాలుగు రోజులూ బాగానే ఉండి, సీసాల్లో పోశాక పులిసేది. గిన్నెలు సలసల కాచాడు, సీసాలు మళ్ళీ మళ్ళీ కడిగాడు, ఈస్టు మార్చాడు. మూడేళ్ళు పట్టింది. దసరా ముందు ఒకరోజు డ్రమ్ము ఖాళీ చేసి, ఎందుకో దాని కొళాయిని మరలన్నీ విప్పి చూశాడు. లోపల రబ్బరు వెనక చీమిడిలాంటి తెల్లని జిగురు. ఎన్ని కాపులు ఆ జిగురును రాసుకుంటూ దిగాయో. యేసోబు ఆ కొళాయిని చేతిలో పట్టుకుని మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. కొత్త కొళాయితో పెట్టింది ఇరవై ఏడో కాపు. దాని సీసాలు ఇవాళే తెరవాలి.

"ఏమయ్యా, టీ చల్లారిపోతా ఉంది," అంది కరుణ వంటింటి గడపలో నిలబడి. ఆమెది కోదాడ. బీరు కాచే రోజున వసారాలోకి అడుగు పెట్టదు. ఆమె నాన్న సారాకే పోయాడు. పెళ్ళినాడు యేసోబు ముట్టనని మాట ఇచ్చి, ఇరవై ఏడేళ్ళు నిలబెట్టుకున్నాడు. ఈ పిచ్చి పట్టినప్పుడు ఆమె వారం రోజులు మాట్లాడలేదు. చివరికి తనే షరతులు పెట్టింది. నా వంటగిన్నెలు తాకకు. ఎవరికీ అమ్మకు. ఒక్క గ్లాసు దాటకు. ఆదివారం పొయ్యి వెలిగించకు. యేసోబు నాలుగింటికీ తల ఊపాడు. గ్లాసు ఆయనకు ఎప్పుడూ ఎక్కువే. తాగడం మీద కాదు ఆయన ధ్యాస.

టీ తాగి, గంట దాటాక, క్యాంపరులోంచి చెంచాడు నీరు తెల్లసాసరులో పోసి, దెబ్బలకు రాసే అయోడిన్ ఒక చుక్క వేశాడు. నల్లబడితే పిండి ఇంకా మిగిలి ఉన్నట్టు. చుక్క గోధుమ రంగులోనే నిలిచింది. అంతా తీపైపోయింది. సాసరును వెలుతురుకు తిప్పి మరోసారి చూసుకుని, క్యాంపరు కొళాయి కొద్దిగా వదిలాడు. తేనె రంగు నీరు సన్నగా గిన్నెలోకి దిగింది. వసారా అంతా ఉడికిన మొక్కజొన్న లాంటి వాసన కమ్ముకుంది.

ఆ వాసనకే వచ్చినట్టు ఐలన్న బొక్కెన పట్టుకుని వచ్చాడు. వెనక వీధిలో ఉంటాడు. అరవై అయిదేళ్ళవాడు, నలభై గొర్రెలున్నవాడు. తీపినీరు దిగిపోయాక మిగిలే పిప్పి ఆయన గొర్రెలకు ప్రాణం.

"పిప్పి అయిందా తమ్మీ? గొర్లు మొత్తుకుంటున్నయ్."

"జర కూసో అన్నా. ఇంక కడుగుడున్నది."

వేడినీళ్ళు పోసి పిప్పిలో మిగిలిన తీపిని కూడా కడిగి దింపుకుని, గిన్నెను పెద్ద పొయ్యి మీదికి ఎక్కించాక, యేసోబు తొట్టి నీళ్ళలోంచి ఒక సీసా తీశాడు. సూర్యాపేటలో పాతసామాన్ల కొట్టు నుంచి తెచ్చిన సీసా. మూత తీస్తే చిన్నగా ఉస్సుమంది. గాజు గ్లాసులోకి వంచి పోశాడు. నురుగు రెండు వేళ్ళ మందాన లేచి, అలాగే నిలిచింది.

ఐలన్న చిన్నప్పటి నుంచి కల్లు తాగినవాడు. ఏ చెట్టు కల్లో ఏ పూట గీసిందో నాలుక మీద చెప్పగలడు. యేసోబు కాపులకు మొదటి నుంచీ ఆయనే న్యాయమూర్తి. మొదటిది తాగి, "గిది కల్లు గాదు, బీరు గాదు," అన్నాడు. ఆరోది తాగి, "దవాఖానల పండుకున్నట్టున్నది," అన్నాడు. తర్వాత వచ్చినవాటికి చాలాసార్లు ఒకటే మాట, పుల్లమజ్జిగ. మొహమాటానికి కూడా బాగుందని అన్న మనిషి కాదు.

ఐలన్న గుటక వేశాడు. మీసాలు తుడుచుకున్నాడు. మరో గుటక వేసి, పొయ్యి మంట వైపు చూస్తూ నెమ్మదిగా గ్లాసు ఖాళీ చేశాడు. యేసోబు గిన్నె కలుపుతున్నట్టు నటిస్తూ వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఇంక జర పొయ్యి," అన్నాడు ఐలన్న గ్లాసు చాపి.

ఈ నాలుగేళ్ళలో ఆయన ఏనాడూ రెండో గ్లాసు అడిగింది లేదు. యేసోబు సీసాలో మిగిలింది వంచాడు. 

"పులుపు లేదు గదన్నా?" అన్నాడు చివరికి ఉండబట్టలేక.

"ఉంటె అడుగుతనా?" అని ఐలన్న బొక్కెన నింపుకుని వెళ్ళిపోయాడు.

యేసోబు రిజిస్టరు తెరిచి, ఇరవై ఏడో కాపు పేజీలో అంకెల కింద, ఐలన్న రెండో గ్లాసు అడిగిండు, అని రాసి తారీఖు వేశాడు. ఆ తర్వాత హాప్స్ పువ్వు వేసి గంటసేపు మరిగించాడు. చేపల అంగడి నుంచి తెచ్చిన మంచుగడ్డల మధ్య గిన్నె చల్లార్చాడు, డ్రమ్ములో పోసి ఈస్టు చల్లాడు. లోపలి గాలి పోయేందుకు మూతకు తగిలించిన గొట్టం కొసను నీళ్ళ సీసాలో ముంచాడు. డ్రమ్మును నీళ్ళ టబ్బులో నిలబెట్టి చల్లగా ఉండేందుకు చుట్టూ తడిగోనె కప్పాడు. అన్నం తిని, మిల్లు చొక్కా తొడుక్కుని, రెండింటి షిఫ్టుకు బయలుదేరాడు.

"గోనె దినాం మూడుసార్లు తడపాలె," అన్నాడు గేటు దగ్గర.

"ఇరవై ఏడుసార్లు చెప్పావు. తడుపుతాలే."

"గీసారి మంచిగొస్తది కరుణా."

అలా ఆయన ఏ కాపుకూ అనలేదు. కరుణ తల ఎత్తి చూసేసరికి సైకిలెక్కి మలుపు తిరిగాడు.

మిల్లులో ఆ మధ్యాహ్నం మూడో తొట్టిలో దొడ్డు వడ్లు నానుతున్నాయి. బాయిలరులో ఊక మండుతున్న వేడి, తడి వడ్ల వాసన, బెల్టుల మోత. యేసోబు తొట్టి పక్కన చెక్కబల్ల మీద కూర్చుని, తొట్టి గోడకు అరచేయి ఆనించాడు. ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు. అందుకే ఆ తోవన పోయేవాళ్ళెవరూ ఆగి చూడలేదు. నాలుగున్నరకు ఆవిరి వాల్వు చూసే సాయికుమార్ వచ్చి, "అన్నా, నీళ్ళు ఇడుద్దమా?" అన్నాడు. మోతలో వినపడలేదేమోనని దగ్గరికి వచ్చి మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత భుజం మీద చేయి వేశాడు. తొట్టికి ఆనిన అరచేయి ఇంకా వెచ్చగానే ఉంది. మనిషే లేడు.

గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. ఆదివారం ఆరాధన అయ్యాక సమాధి చేశారు. సూర్యాపేటలో నర్సుగా పనిచేస్తున్న కూతురు నీలా సెలవు పెట్టి వచ్చి తల్లి దగ్గర ఉంది. వచ్చేపోయేవాళ్ళతో ఇల్లు నిండింది. మూడో రోజు ప్రార్థనకు పాస్టరుగారు వస్తారనగా నీలా వసారాలోకి వెళ్ళి, డ్రమ్మును చూసి వచ్చింది.

"అమ్మా, అది పారబోస్తా. అందరొచ్చేటప్పుడు మంచిగుండదు."

"ఉండనీ. ఇంకా పని చేస్తానే ఉంది," అంది కరుణ.

గొట్టం కొసన నీళ్ళ సీసాలో బుడగలు ఆగి ఆగి లేస్తున్నాయి. నీలా అప్పుడు గమనించింది, డ్రమ్ము మీది గోనె తడిగా ఉంది. శవం ఇంట్లో ఉన్న రాత్రి కూడా, సమాధి దగ్గరి నుంచి వచ్చిన మధ్యాహ్నం కూడా తల్లి చెంబుతో అక్కడికి వెళ్ళడం ఆమెకు గుర్తొచ్చింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వారం తర్వాత సూర్యాపేటకు వెళ్తూ, "నాతో రా అమ్మా, కొన్ని దినాలు," అంటే, "డ్రమ్ముకు పద్నాలుగు రోజులు నిండనీ, వస్తా," అంది కరుణ.

పద్నాలుగో రోజున, బీరు సీసాల్లో పోయడానికి కరుణ పిలిస్తే ఐలన్న వచ్చాడు. బొక్కెన లేకుండా ఆయన ఆ వసారాకు రావడం అదే మొదటిసారి.

"నాకు సదువు రాదు చెల్లె. నువ్వు సదువు, నేను చేస్త."

కరుణ మొదటిసారి ఆ వసారాలో పీట వేసుకుని కూర్చుంది. రిజిస్టరు చూసి ఒక్కో పని చదివింది. సీసాలు కాచి బోర్లించాలి. ఒక్కో సీసాలో చెంచాడు చక్కెర. గొట్టం సీసా అడుగుదాకా పోనివ్వాలి, నురగ రానివ్వకూడదు. ఐలన్న చేతులు గొర్రెలకు అలవాటైనవి. మొదటి రెండు సీసాలకు కిందా మీదా పోశాడు. మూడోదాని నుంచి కుదురుకున్నాడు. కరుణ మూత పెట్టి, మూతలు బిగించే మిషను పిడి నొక్కుతోంది. ఆమె చేతి గాజులు ప్రతి నొక్కుకూ చప్పుడు చేశాయి.

"మా నాన్న పోయిన్నాడు ఇంట్లో ఉన్న సీసాలన్నీ బండకేసి కొట్టా," అంది ఉన్నట్టుండి. "ఇవి కొట్టబుద్ధి కాలేదన్నా. ఇన్ని రోజులు నీళ్ళు పోశాగా."

ఐలన్న గొట్టం కొసన కారిన చుక్కలను అరచేతిలో పట్టి నాలుకకు రాసుకున్నాడు.

"బాగుందా?"

"ఇంక పానం రాలే, పొంగు లేదు. సీసల పదిహేను రోజులుంటె వస్తది." మళ్ళీ నాలుక చప్పరించి, "పులుపైతే లేదు," అన్నాడు.

కరుణ కొంగుతో ముఖం తుడుచుకుని మరో సీసా అందించింది.

డ్రమ్మును వంచి వంచి పట్టినా చివరి సీసా సగమే నిండింది. దాన్ని ఏం చేయాలో కరుణ రిజిస్టరులో వెతికింది. ముందు పేజీలు తిప్పింది, వెనక పేజీలు తిప్పింది. ఎక్కడా లేదు.

"ప్రతిసారి సగం మిగిలేది," అన్నాడు ఐలన్న. "అది ఆయినె తాగేటోడు. గీ మెట్టు మీద కూసోని."

కరుణ ఆ సీసాను ఐలన్న వైపు జరిపింది. ఆయన తల అడ్డంగా ఊపి, తలపాగా సర్దుకుని, గొర్రెలను తోలుకు రావాలని లేచాడు. ఆమె దాని మూత కోసం చేయి చాచి, మళ్ళీ వెనక్కు తీసుకుంది. యేసోబు కూర్చునే మెట్టు పక్కన, వసారా గోడ మీద, ఎండ పడే చోట, ఆమె పెట్టిన సగం నిండిన సీసా మూత లేకుండా నిలబడి ఉంది.