తిరుగుడు ఆగేదాకా

"పోరి మెడ తిప్పుతలేదు, చూసినవా? పిలిస్తే పెయ్యంత తిప్పి చూస్తున్నది. తలల గడ్డ గిట్ల లేసిందేమోనయ్యా!" అంది విమలమ్మ చెప్పులు తొడుక్కుంటూ.

"నీకు పొద్దుగూకితే ఏదో ఒక గడ్డ కావాలె. పోయి కొత్తిమీర పట్కరాపో," అన్నాడు భర్త రాఘవేందర్, పేపర్లోంచి తలెత్తకుండా.

కొన్నాళ్లుగా ఇదే వరస. కూతురు కల్పలత బేగంపేట ఆఫీసు నుంచి రాగానే ఆయనకు కొత్తిమీర గుర్తొస్తుంది. ఫ్రిజ్‌లో కట్టలు కుళ్లిపోతున్నా సరే. విమలమ్మ సందు మలుపు దాకా వెళ్లింది. పొద్దున బాత్రూం గోడ పట్టుకుని నడిచిన కూతురే కళ్లలో మెదిలింది. మనసొప్పక వెనక్కి తిరిగింది.

దగ్గరగా వేసిన తలుపు తోసి కెవ్వుమంది. కల్పలత మంచం మీద వెల్లకిలా ఉంది. తల మంచం అంచు దాటి కిందికి వేలాడుతోంది. రాఘవేందర్ దాన్ని రెండు చేతులా పట్టుకుని కుడివైపు తిప్పి ఉంచాడు. పిల్ల కనుగుడ్లు గిలగిలా కొట్టుకుంటున్నాయి.

"అయ్యో, నా బిడ్డో!"

"ఒర్లకు! చెవిల ఇసుకసొంటి సన్న పలుకులు జాగ తప్పినయంట. అందుకే కండ్లు తిరుగుతున్నయి. డాక్టరే ఇంట్ల గిట్ల చేయుమన్నడు. తిరుగుడు ఆగేదాంక కదిలియ్యొద్దు."

"డాక్టర్ కాడికి సుత పోయొచ్చిన్రా?"

ఆయన కూతురి తలను మెల్లగా ఎడమకు తిప్పాడు.

విమలమ్మ గడప మీద కూలబడింది. "పోరికేమైందోనని నేను అమ్మవారికి మొక్కుకున్న. ఒక్కపొద్దులున్న. మీరేమో తండ్రీబిడ్డలు ఒక్కటై, నన్ను కూరగాయల బండి కాడికి తోలి తలుపేసుకున్నరు! నేనేమన్న పరాయిదాన్నా? కన్నదాన్ని కాదా?"

కల్పలత ఎడమపక్కకు ఒత్తిగిలి ముఖం నేలవైపు పెట్టింది.

"నిన్నే అడుగుతున్న, బిడ్డా. నాకెందుకు చెప్పలే?"

రాఘవేందర్ కూతుర్ని భుజం పట్టి నెమ్మదిగా లేపి కూర్చోబెట్టాడు. ఆమె మంచం అంచు గట్టిగా పట్టుకుని, కళ్లు కుదురుకునేదాకా ఎదుటి గోడనే చూస్తూ కూర్చుంది. విమలమ్మ ఆ ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు.

"ముందు నీకే చెప్దామనుకున్ననమ్మా," అంది కల్పలత. "చెప్తే నువ్వు ఏడుస్తవ్. నీకు నేను ధైర్యం చెప్పాలె. గప్పుడు నాకే మస్తు భయమైతుండె."