షియాన్ ప్రయాణానికి ముందు జియావోజీలు

ఇలా దగ్గరికి జరగండమ్మా, పొయ్యి పక్కన చోటుంది. ఆ ఫోన్లు కాస్త పక్కన పడేస్తే మా లింగ్‌బావో ఊరి యూన్‌షియాంగ్ సంగతి చెబుతాను.

యూన్‌షియాంగ్‌కు అరవై దాటాయి. ఆపిల్ తోట, వంటగది, మొగుడు గెంగ్, ఇదే ఆమె లోకం. ఒక్కగానొక్క చెల్లెలు చియావ్‌లింగ్ షియాన్‌లో, పాత కోటగోడ దక్షిణ ద్వారం పక్కనే ఉంటుంది. రైలెక్కితే గంట కూడా పట్టదు. అయినా ఏళ్ళ తరబడి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. తల్లి పోయినప్పుడు ఆవిడ నూడుల్స్ ఒత్తే కర్ర కోసం ఇద్దరూ పోట్లాడుకున్నారు. చేతి చెమటకు నున్నగా నల్లబడిన రేగు కర్ర అది. అక్క దాన్ని దాచేసుకుంది. చెల్లెలు గిన్నెలో నూడుల్స్ అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ వసంతంలో చెల్లెలే ఫోన్ చేసింది. "అక్కా, మోకాళ్ళు మాట వింటుండగానే వచ్చెయ్యి. ఇద్దరం గోడ మీద నడుద్దాం."

ఇక చూడాలి యూన్‌షియాంగ్ హడావిడి! రోజూ ఫోనే. గోడెక్కే మెట్లు నిటారుగా ఉంటాయా? పైన గాలికి టోపీ ఎగిరిపోతుందా? గంట గోపురం ముందు చూద్దామా, గొర్రెమాంసం పులుసు ముందు తాగుదామా?

"పులుసే ముందు. అందులో వేసే రొట్టె మాత్రం శెనగగింజలంత తుంచాలి. నీలా పెద్ద పెద్ద ముక్కలు వేస్తే వంటవాడు గిన్నె వెనక్కి పంపేస్తాడు."

"సరేలేవే. స్టేషన్లో ఆ కదిలే మెట్లున్నాయే, అవి కాక వేరే దారి లేదా?"

ఆ మెట్ల గురించి ఆమె అడగని రోజు లేదు.

"అంతమంది చక్రవర్తులు ఏలిన ఊరది. వాళ్ళెవరూ బయల్దేరే ముందు ఇన్ని ప్రశ్నలు వేసుండరు," అని గెంగ్ ఎగతాళి చేశాడు.

"వాళ్ళు పల్లకీల్లో పోయారు ముసలోడా, కదిలే మెట్ల మీద కాదు!"

ప్రయాణం ముందు రోజు పొద్దున్నకి సంచి సిద్ధమైంది. ఎండు ఖర్జూరాలు, ఉన్ని చొక్కా, అన్నిటికంటే అడుగున తువ్వాలులో చుట్టిన అమ్మ కర్ర. చెల్లెలి చేతిలో పెట్టి, ఇది నీదేనే అనాలని ఆమె ఆశ. అది అనగలిగితే గుండె బరువు దిగుతుంది. రాత్రుళ్ళు చలిగా ఉంటుందేమో కనుక్కుందామని ఫోన్ చేసింది. అవతల చెక్క మీద కత్తి టకటకలాడుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"జియావోజీలు మడుస్తున్నా. ఇప్పుడు మాట్లాడలేనక్కా," అని పెట్టేసింది.

యూన్‌షియాంగ్ కూలబడింది. మా వైపు ఊరెళ్ళే మనిషికి జియావోజీలు, అదే లోపల కూర పెట్టి మడిచిన పిండి కుడుములు, పెట్టి పంపుతాం. ఊరి నుంచి వచ్చిన మనిషికి నూడుల్స్ పెడతాం, ఆ పొడుగు పోగులు కాళ్ళకు చుట్టుకుని నాలుగు రోజులు ఎక్కువ ఉంచుతాయని. చియావ్‌లింగ్‌కు చిన్నప్పటి నుంచీ జియావోజీలంటే గిట్టదు. రైలెక్కే రోజు తప్ప ముట్టదు.

"అది ఎటో వెళ్ళిపోతోందయ్యా. రమ్మని పిలిచి, నా మొహం చూడలేక పారిపోతోంది."

"ఇంట్లో ఎవరికైనా తినాలనిపించిందేమో."

"నా చెల్లెల్ని నాకు చెప్పొద్దు!"

మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఖర్జూరాలు డబ్బాలోకి, చొక్కా పెట్టెలోకి వెళ్ళిపోయాయి. కర్రను మాత్రం ఎక్కడ పెట్టాలో తోచక బల్ల మీదే వదిలేసింది. గెంగ్ టీ పోసిస్తే చల్లారిపోయింది.

మధ్యాహ్నం గేటు చప్పుడైంది.

"ఇంట్లో ఎవరూ లేరా? దూరం నుంచి వచ్చినదానికి నూడుల్స్ పెట్టే దిక్కే లేదా?"

గుమ్మంలో చియావ్‌లింగ్! జుట్టు నెరిసింది కానీ గొంతు అదే గొంతు.

"నువ్వా... నువ్వు ఎటో పోతున్నావనుకున్నానే!"

"ఎటు పోతాను? నీ దగ్గరికే! ఆ కదిలే మెట్ల గోల వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. నా చెయ్యి పట్టుకుంటే గానీ నువ్వు ఎక్కవని తెలుసు. వస్తానంటే వద్దంటావని చెప్పలేదు. రైల్లో గోలకి నీ ఫోన్ వినబడి చావలేదు."

యూన్‌షియాంగ్‌కు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. చియావ్‌లింగ్ చూపు బల్ల మీద పడింది.

"అమ్మ కర్ర కదూ?"

"నీకోసమే సంచిలో పెట్టాను."

"మరి బయటికెందుకొచ్చింది?"

"పొద్దున నీ మీద కోపమొచ్చి తీసేశా," అంది యూన్‌షియాంగ్, చొక్కా అంచుతో మొహం తుడుచుకుంటూ. "ఇది నీదేనే. తీసుకుపో."

"మోసుకుపోవడం తర్వాత. ముందు దాంతో నూడుల్స్ ఒత్తు, ఆకలి చంపేస్తోంది. ఆ జియావోజీలు ఎలా మింగానో నాకే తెలుసు!"

అక్క పిండి కలిపింది, చెల్లెలు ఒత్తింది. ఈసారి గిన్నెలో పులుసు చుక్క కూడా మిగల్లేదు.

మర్నాడు తెల్లారగానే ఇద్దరికీ గెంగే జియావోజీలు ఉడికించాడు. చియావ్‌లింగ్ ముక్కు మూసుకుని తింది. స్టేషన్లో కదిలే మెట్ల దగ్గర అక్క కళ్ళు మూసుకుంది, చెల్లెలు చెయ్యి పట్టుకుంది. సంచిలో అమ్మ కర్ర షియాన్ బయల్దేరింది.

ఇది గుర్తుంచుకోండమ్మా. మీ ఇంటికి ఎవరైనా బండి దిగి వస్తే, నూడుల్స్ ఉడికేలోగా ఈ అక్కాచెల్లెళ్ళ సంగతి వాళ్ళకూ చెప్పండి.