మొదటి గరిటె

టీ ఆకుల్ని ఎవరైనా తింటారా? నాకు తెలిసి టీ ఆకుని మరగబెడతారు, వడగడతారు, మిగిలిన పిప్పి గులాబీ మొక్క మొదట్లో వేస్తారు. ఆ మధ్యాహ్నం జగ్గయ్యపేటలో నా ముందున్న గిన్నెలో మాత్రం నల్లగా నానిన టీ ఆకులు, వేయించిన వేరుశనగ గుళ్ళు, వెల్లుల్లి, సన్నగా తరిగిన క్యాబేజీ, ఎండురొయ్యల పొడి అన్నీ కలిపేసి ఉన్నాయి. దాని పక్క గిన్నెలో చేపల పులుసులాంటిది. అందులో అరటి దూట ముక్కలు, పైన విరిచి వేసిన సొరకాయ బజ్జీ. ఇంకో గిన్నెలో సేమియా కంటే లావుగా ఉన్న తెల్లటి పోగులు. అన్నీ ఒకేసారి తెచ్చి టేబుల్ మధ్యలో పెట్టేసింది ఆవిడ. మా ఇద్దరి కంచాలూ ఖాళీగానే ఉన్నాయి. పప్పు, తరవాత కూర, తరవాత పులుసు, చివర పెరుగు. మనిషన్నాక తినడానికి ఓ వరసంటూ ఉంటుందిగా! ఇక్కడ ఏది మొదలో ఏది చివరో నాకు అంతుపట్టలేదు.

"ఏవండీ, ఇదేం హోటలండీ?" అని మా ఆయన్ని అడిగాను.

"బర్మా హోటల్."

"బోర్డు నేనూ చదివాలెండి. బస్టాండు దగ్గర శుభ్రంగా ఆకేసి భోజనం పెడతారుగా, ఈ సందులోకి ఎందుకు తీసుకొచ్చారంటున్నా."

ఆయన నీళ్ళ గ్లాసు అందుకున్నారు. మా ఆయన కిషోర్‌బాబుకి జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడల్లా దాహం వేస్తుంది. ముప్ఫై ఏళ్ళ నుంచీ చూస్తున్నాను.

పది రోజుల్లో మా అక్షయ పెళ్ళి. పొద్దున్నే నందిగామలో కార్డుల సంచీ పట్టుకుని బయల్దేరాం. పేటలో పంచాల్సినవి అయిపోయాయి, ఇక వత్సవాయి వెళ్ళాలి. అంతా సవ్యంగానే ఉంది, ఒక్క కార్డు తప్ప. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు ఒకటి, పేరు రాయకుండా, ఆయన సంచీ అడుగున దాచారు. పొద్దున సర్దుతుంటే నా కంట పడింది. ఎవరికో నాకు తెలుసు. తెలిసీ అడగలేదు.

అది మా ఆడపడుచు దుర్గాంబ వదినకి. ఆయన కంటే పన్నెండేళ్ళు పెద్ద, తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఆవిడ గడప తొక్కి పదకొండేళ్ళు. ఆవిడ మా ఇంటికి రాదు, నేను ఆవిడ ఇంటికి వెళ్ళను. కార్డులు అచ్చయిన రోజు ఆయన నసుగుతూ "అక్కకి కూడా ఇద్దామా?" అన్నారు. "ఆవిడ పందిట్లోకొస్తే నేను పందిట్లోంచి పోతా, మీ ఇష్టం" అన్నాను. ఆయన మళ్ళీ ఎత్తలేదు. మా వైపు పెళ్ళికూతురికి మొదటి నలుగు పెట్టేది మేనత్తే. అక్షయ కూడా ఫోన్లో "అత్త రాదా అమ్మా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ సిగ్నల్ లేదన్నాను.

ఇంకా చెప్పాలంటే, మొదటి కార్డు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి దగ్గర పెట్టడం మా అత్తగారింటి ఆనవాయితీ. వదిన ఉండేది ఆ ఊళ్ళోనే. గుడి దగ్గర ఎదురుపడితే ఏం మొహం పెట్టాలి? అందుకని ఈసారి పరిటాల వెళ్ళి ఆంజనేయస్వామి పాదాల దగ్గర పెట్టించాను. అమ్మవారితో కూడా పేచీ పెట్టుకునేదాన్నని మా ఆయన అనలేదు గానీ, ఆ రోజు దారంతా నీళ్ళు తాగారు.

ఇంతలో హోటలావిడ లోపలి నుంచి కొబ్బరిపాల కూర ఉన్న గిన్నె, పొడుగాటి గరిటె పట్టుకుని వచ్చింది. అరవై అయిదేళ్ళుంటాయి. జాకెట్టు మీద చీర బదులు పూల లుంగీ కట్టుకుంది. హోటలంటే ఏం లేదు, వాళ్ళింటి ముందు గదిలో నాలుగు టేబుళ్ళు, గోడకి ఏసుప్రభువు క్యాలెండరు.

"బాగున్నావా బాబూ?" అంది ఆయనతో, మేనల్లుడిని పలకరించినట్టు. ఆయన తలూపారు. ఈవిడకి ఈయనెలా తెలుసు? నాకు మళ్ళీ అయోమయం.

ఆవిడ గిన్నెలో గరిటె ముంచి, పైకెత్తి, అలాగే ఆగిపోయింది. నన్ను చూసింది. ఆయన్ని చూసింది. "మొదటి గరిటె ఎవరికి బాబూ?" అంది.

"ఎవరికైనా వేసెయ్యమ్మా, ఆకలేస్తోంది" అన్నాను నేను.

"అట్టా వెయ్యనమ్మా. మా బర్మా పద్ధతిలో మొదటి గరిటె ఇంటికి పెద్దవాళ్ళకే. అది పడ్డాకే మిగతావాళ్ళకి."

"అయితే ఆయనకి వెయ్యి. నాకంటే అయిదేళ్ళు పెద్ద. కనపడట్లా?"

"ఈయన కాదుగా" అందావిడ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈయన కాకపోతే మరి నేనా? ఈ పెళ్ళి హడావిడిలో జుట్టుకి రంగు వేసుకోని మాట నిజమే. అంత మాత్రాన మొగుడి కంటే పెద్దదాన్ని చేసేస్తుందా! "చూడమ్మా, నీ పేరేంటో గానీ..." అన్నాను గొంతు పెంచి.

"ఫ్లోరెన్స్" అంది శాంతంగా.

"చూడు ఫ్లోరెన్సమ్మా, మా ఇంటికి పెద్ద ఈయనే. ఈయన పైన ఎవరూ లేరు."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. ఆయన ఫ్యాను వంక చూస్తున్నారు. ఫ్యాను మామూలుగానే తిరుగుతోంది, అందులో చూడ్డానికేం లేదు. గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టేసి ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క మెతుకు వడ్డించలేదు. ఇన్ని హోటళ్ళు చూశాను గానీ, వయసు లెక్క తేలితే గానీ పెట్టం అనే హోటలు ఇదే.

"ఏమైందావిడకి? మనమేం తప్పన్నాం?" అన్నాను.

"ఒక్క నిమిషం ఆగు గీతా" అన్నారాయన.

ఫ్లోరెన్స్ ఈసారి రెండు గిన్నెల స్టీలు కేరియర్ పట్టుకుని వచ్చింది. టేబుల్ మీద పెట్టి మూత తీసింది. కింద గిన్నెలో ఆ తెల్ల పోగులు, వాటి మీద కొబ్బరిపాల కూర తొలి గరిటె, పై గిన్నెలో చేపల పులుసు. "అక్కగారికి పళ్ళు నొప్పన్నావుగా బాబూ, మెత్తగా ఉడికించా. నిమ్మకాయ కూడా పిండా" అంటూ మూత బిగించింది.

నేను ఉలిక్కిపడింది అక్కగారు అన్న మాటకి కాదు. మూత మీద చెక్కిన పేరుకి. చుక్కలు చుక్కలుగా, "దశరథరామయ్య" అని. అది మా మావగారి కేరియర్! మూడేళ్ళ క్రితం అటక మీద నుంచి మాయమైంది. నేను ఇల్లంతా వెతికాను. దొరక్క చివరికి పనిచేసే నాగశ్రీని అడగరాని మాటలన్నీ అడిగితే, ఆ పిల్ల ఏడ్చి పని మానేసింది.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?" అన్నాను.

ఆయన గ్లాసు కోసం చెయ్యి చాపారు. ఆ గ్లాసు నేను లాగేసుకున్నాను.

"అక్కని కళ్ళ డాక్టరు దగ్గరికి పేట తీసుకొచ్చా ఒకసారి. అప్పుడు ఇక్కడ తిన్నాం. ఇంటికెళ్ళేదాకా ఇదే చెప్పింది, గొంతులోకి జారిపోతోంది తమ్ముడూ అని. అప్పట్నించీ మంగళవారం..."

"మంగళవారం జిన్నింగు మిల్లులో పనుందంటారుగా?"

"మిల్లు పని పావుగంటే."

మూడేళ్ళు! ప్రతి మంగళవారం నేను చొక్కా ఇస్త్రీ చేసిచ్చి పంపితే, ఈయన పేటలో కేరియర్ కట్టించుకుని పెనుగంచిప్రోలు వెళ్ళి వస్తున్నారన్నమాట. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడింది. "నా మొహం చూస్తూ మూడేళ్ళు అబద్ధమాడారా? నేనేమన్నా రాక్షసినా? చెబితే ఏం పోయేది?"

"చెబితే పంపేదానివా?" అన్నారు.

ముప్ఫై ఏళ్ళలో ఆయన నన్ను ఎదురడిగింది బహుశా అదే.

"ఇవాళ ఎందుకు తీసుకొచ్చావు మరి నన్ను?" అన్నాను. కంగారులో ఏకవచనం వచ్చేసింది, నేనూ గమనించలేదు, ఆయనా గమనించలేదు.

"నోటితో చెప్పడం నా వల్ల కాలేదు గీతా. ఇక్కడికొస్తే ఈవిడ ఎలాగూ అడుగుద్ది పెద్దవాళ్ళెవరని. అప్పుడన్నా తెలుస్తుందని."

ఫ్లోరెన్స్ పడిపోయిన కుర్చీ నిలబెట్టింది. మా మధ్య ఏదో ఉందని ఆవిడకి అర్థమైంది గానీ, ఏమిటో తెలీదు. "నా మాటేమన్నా తప్పయిందా అమ్మా?" అంది. "నాకు చిన్నప్పట్నించీ ఇదే అలవాటు. అయిదేళ్ళప్పుడు రంగూన్ నించి ఓడెక్కించారు మమ్మల్ని. మా నాయనమ్మ రానని అక్కడే ఉండిపోయింది. ఓడలో గంజి పోస్తే మా అమ్మ ముందు ఓ గరిటె మూతలో తీసి పక్కన పెట్టేది. నాయనమ్మ లేదుగా అంటే, లేకపోయినా పెద్దదేగా అనేది. నాకు ఆకలి, ఏడ్చేదాన్ని. అయినా ఆ గరిటె ముట్టనిచ్చేది కాదు."

నేను మళ్ళీ కూర్చున్నాను.

నేను ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నది ఇది. మావగారి పెద్దకర్మ నాడు నాలుగొందల మంది వచ్చారు. వదిన పొద్దున్నించీ వడ్డిస్తూనే ఉంది. "మీరు ఇంట్లో మనిషేగా వదినా, ఆఖరి బంతిలో కూర్చుందురు" అన్నాను. ఆఖరి బంతికి అన్నం చాల్లేదు. వంటవాళ్ళ తప్పు. వదిన ఖాళీ ఆకు ముందు కాసేపు కూర్చుని, లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. కడుక్కోవడానికి చేతికి ఏం అంటుకుందని? అదంతా నలుగురిలో నన్ను దోషిని చెయ్యడానికి ఆడిన నాటకం అని పదకొండేళ్ళు చెప్పాను. విన్నవాళ్ళు అవునన్నారు.

చెప్పనిది ఒకటి మిగిలింది. అది ఆయనకీ తెలీదు.

"వత్సవాయి రేపెళ్దాం" అన్నాను లేస్తూ. కేరియర్ నేనే తీసుకున్నాను.

"తినకుండానేనా?" అంది ఫ్లోరెన్స్, నిండుగా ఉన్న గిన్నెల వంక చూస్తూ.

"మొదటి గరిటె పెద్దవాళ్ళకి పడ్డాకే అన్నావుగా. ఇంకేం తింటాం?" అన్నాను. విసుగ్గానే అన్నాను, ఆవిడ మాత్రం నవ్వింది.

కారెక్కాక సంచీ అడుగు నుంచి ఆ కార్డు తీశాను. "పెన్నివ్వండి" అన్నాను. ఆయన జేబులోది ఇచ్చారు. మోకాలి మీద పెట్టుకుని పేరు రాస్తుంటే కారు గతుకులకి అక్షరాలు వంకరపోయాయి. మెయిన్ రోడ్డు దగ్గర ఆయన బండి ఆపి, "ఎటు?" అని అడిగారు. నిజంగానే ఆయనకి తెలియడం లేదు, పాపం.

"కేరియర్ చల్లారితే మీ అక్క ఊరుకుంటుందా? పోనివ్వండి."

దారంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మునేరు వాగు కనిపించాక మాటలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాను. ఏమనాలి? కార్డు ముందివ్వాలా, కేరియర్ ముందివ్వాలా? మొహం మీదే తలుపేస్తే? ఆ మాట ముందనుకుని, ఈ మాట తరవాతనుకుని, చివరికి అన్నీ కలగాపులగం అయ్యాయి.

వదిన వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "ఇవాళ మంగళవారం కాదుగా?" అంది తమ్ముడితో. ఆవిడకీ అయోమయమే.

నేను సరాసరి లోపలికి వెళ్ళి వంటింట్లో కంచం వెతికి తెచ్చాను. స్టూలు మీద పెట్టి, కేరియర్ విప్పి, వడ్డించాను. పులుసు కాస్త స్టూలు మీద ఒలికింది. వదిన కంచం వంక చూసింది, నా వంక చూసింది.

"నువ్వు తిన్నావా?" అంది.

పదకొండేళ్ళ క్రితమూ ఇదే మాట అడిగింది, ఖాళీ ఆకు ముందు కూర్చుని, అన్నం అయిపోయిందని నేనే చెబుతుంటే. "లేదు వదినా, మీరు తినకుండా నేనెట్టా తింటా" అన్నాను. అప్పటికే మూడో బంతిలో మా పుట్టింటివాళ్ళ పక్కన కూర్చుని కడుపు నిండా తినేశాను. నా చేతికి నెయ్యి వాసన ఇంకా పోలేదు. వదిన ఆ చెయ్యి పట్టుకునే లేచింది ఆ రోజు, లేచి తన చెయ్యి కడుక్కుంది.

"ఈసారి నిజంగా తినలేదు వదినా" అన్నాను. అనేసరికి ఏడుపొచ్చేసింది. పక్కన మా ఆయన ఏమీ అర్థంకాక ఇద్దరి వంకా చూస్తున్నారు.

వదిన కంచం దగ్గరికి లాక్కుంది. తరవాత ఒక ముద్ద తీసుకుని తింది. ఇంకో ముద్ద తింది. కంచం నా వైపు జరిపింది.

"పులుపెక్కువేసింది ఇవాళ" అంది. "కార్డేదీ? పెన్ను తడి ఆరిందో లేదో చూసివ్వు, నీ వేళ్ళకి సిరా అంటింది."